న్యాయంగానూ సరదాగానూ ఉండే డీ అండ్ డీ సాహసం సొంతంగా తయారుచేసుకోవడం ఎలా?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అంటే ఒకరు నడిపించే కథలో మిగతావాళ్లు తలో క్యారెక్టర్‌గా, డైస్ వేస్తూ టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే ఆట. దాన్ని ఆడించడం కొత్తగా మొదలుపెట్టినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "రెడీమేడ్ సాహసాలు అయిపోయాయి. సొంతంగా ఒకటి రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" ఆ వెంటనే టెన్షన్ కూడా బయటపడుతుంది. మరీ కష్టంగా పెడితే అందరూ చచ్చిపోతారేమో, మరీ సులువుగా పెడితే బోర్ కొడుతుందేమో అని.

సులువుగా ఉంటేనే న్యాయంగా ఉన్నట్టని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. ప్రమాదం ఎంత పెద్దదైనా పెట్టండి. కానీ అది ఆటగాళ్లకు ముందే కనబడాలి, తప్పించుకునే దారి ఉండాలి, వాళ్లు తీసుకున్న నిర్ణయాన్ని బట్టి ఫలితం మారాలి. ఈ మూడూ ఉంటే క్యారెక్టర్ చనిపోయినా ఆటగాడు "ఇది అన్యాయం" అనడు. కింది మెట్లన్నీ ఈ మూడింటి కోసమే.

లెక్కలన్నీ ఐదో ఎడిషన్ 2014 రూల్స్ ప్రకారం ఇస్తున్నాను. నలుగురు ఆటగాళ్లు, లెవెల్ 2 క్యారెక్టర్లు, నాలుగు గంటల్లో ముగిసే వన్‌షాట్ (ఒక్క సిట్టింగ్‌లో అయిపోయే సాహసం) అనుకుందాం. 2024 రూల్స్‌తో ఆడేవాళ్లకు పోరాటాల లెక్క మారుతుంది, పద్ధతి మాత్రం ఇదే. మాన్‌స్టర్ల వివరాలకు పుస్తకం కొనాల్సిన పని లేదు. ఎస్‌ఆర్‌డీ 5.1 (ఆట ప్రాథమిక రూల్స్, మాన్‌స్టర్ల వివరాలు ఉన్న పత్రం) ఉచితం. 2023 జనవరి నుంచి అది క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉంది కాబట్టి, మూలం పేరు ప్రస్తావిస్తే మీ సాహసాన్ని పదిమందితో పంచుకోవచ్చు కూడా.

ఉదాహరణగా 'మూసుకున్న తూము' అనే సాహసాన్ని మొదటి నుంచీ కట్టుకుంటూ వెళ్దాం.

1. రాయడానికి ముందే అడిగి తెలుసుకోండి

ఎవరు ఆడుతున్నారో తెలియకుండా రాసిన సాహసంలో సగం పేజీలు వృథా అవుతాయి. ఈ వివరాలు చేతిలో పెట్టుకుని మొదలుపెట్టండి:

☐ కచ్చితంగా వచ్చేది ఎంతమంది? ఒకరు రాకపోతే ఆడదామా, వాయిదా వేద్దామా?
☐ ఎవరి క్యారెక్టర్ ఏది? హీలింగ్ ఎవరి దగ్గరుంది?
☐ ఈసారి ఎక్కువగా ఏం కావాలి: పోరాటమా, పరిశోధనా, మాటలతో నడిచే సన్నివేశాలా?
☐ క్యారెక్టర్ చనిపోయే అవకాశం ఉంటే అందరికీ సరేనా?
☐ కథలో అసలు రాకూడని విషయాలేమైనా ఉన్నాయా?

చివరి ప్రశ్న గ్రూపులో అడగొద్దు, ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్ పెట్టండి. పాములంటే ఒకరికి పడదు, పిల్లలకు హాని జరిగే సన్నివేశం ఇంకొకరు భరించలేరు. అందరి ముందూ చెప్పడానికి మొహమాటపడతారు. కజిన్స్, బావమరుదులు కలిసి కూర్చునే టేబుల్ దగ్గర ఇది ఇంకా ముఖ్యం. అన్నయ్య ముందు "నాకిది వద్దు" అనలేక మౌనంగా ఉండిపోయేవాళ్లు ఉంటారు.

జాన్ స్టావ్రోపౌలస్ తయారుచేసిన ఎక్స్ కార్డ్ పద్ధతి ఇలాంటి చోట బాగా పనికొస్తుంది. ఎక్స్ గుర్తు వేసిన కార్డు ఒకటి టేబుల్ మధ్యలో పెట్టండి. ఎవరు దాన్ని ముట్టుకున్నా ఆ విషయాన్ని పక్కన పెట్టి ముందుకెళ్లాలి. ఎందుకని ఎవరూ అడగకూడదు.

2. కథ రాయకండి, పరిస్థితి రాయండి

"ముందు వాళ్లు అక్కడికెళ్తారు, తర్వాత ఫలానా మనిషిని కలుస్తారు, ఆ తర్వాత గుహలో దిగుతారు" అని రాసుకుంటే మొదటి పావుగంటలోనే తేడా కొడుతుంది. ఆటగాళ్లు అక్కడికి వెళ్లరు. వాళ్లను మళ్లీ మీ దారిలోకి లాగడానికి మీరు చేసే ప్రతి ప్రయత్నమూ వాళ్లకు తెలిసిపోతుంది.

బదులుగా నాలుగు విషయాలు రాసుకోండి. బయటికి కనబడే సమస్య ఏమిటి? లోపల అసలు జరుగుతున్నదేమిటి? ఎవరికి ఏం కావాలి? ఎవరూ జోక్యం చేసుకోకపోతే ఏమవుతుంది?

మన సాహసానికి ఇలా:

చెరువు నిండుగా ఉంది, తూములోంచి చుక్క నీరు రావడం లేదు. పొలాలు ఎండుతున్నాయి. తూము చూడటానికి వెళ్లిన నీరటి ఎల్లయ్య రెండు రోజులుగా కనబడటం లేదు.

అసలు సంగతి వేరు. కట్ట కింద ఒక పాతకాలపు సేనాని సమాధి ఉంది. ఊరి పెద్ద భూమయ్య అందులోని నిధి కోసం రాత్రిళ్లు తవ్విస్తున్నాడు. తవ్వకానికి ఒక ఓగర్‌ను (భారీ శరీరమున్న రాక్షసుణ్ని) కూలికి పెట్టుకున్నాడు, రోజుకో గొర్రె చొప్పున. సేనాని కత్తి బయటికి తీయగానే కాపలా అస్థిపంజరాలు లేచి తూము తలుపు మూసేశాయి. ఎల్లయ్య లోపలే చిక్కుకున్నాడు, బతికే ఉన్నాడు. తవ్వకం వల్ల కట్ట బలహీనపడింది. ఈ రాత్రికి తెగుతుంది.

చెరువునే ఎందుకు తీసుకున్నానంటే, మన ఆటగాళ్లకు కట్ట, తూము, అలుగు అంటే విడమర్చి చెప్పక్కర్లేదు. కోట అగడ్త గురించి వర్ణించే టైమ్ మిగులుతుంది. కోటలూ బాగుంటాయి, కానీ కళ్లకు కట్టాలంటే మీరు ఎక్కువ మాట్లాడాల్సి వస్తుంది.

ఇప్పుడొక పరీక్ష. ఈ సమస్య తీరడానికి కనీసం మూడు దారులు మీకు తోస్తున్నాయా? అస్థిపంజరాలతో పోరాడి తూము తెరవొచ్చు. భూమయ్య ఇంట్లోంచి కత్తి తెచ్చి సమాధిలో పెట్టేయొచ్చు. ఊరందరి ముందు భూమయ్యను నిలదీసి, జనాన్ని కూడగట్టి కట్టను కాపాడొచ్చు. మూడు తోచకపోతే పరిస్థితి ఇరుకుగా ఉన్నట్టే, ఇంకో మనిషినో ఇంకో వస్తువునో చేర్చండి. ఆటగాళ్లు ఎలాగూ నాలుగోది కనిపెడతారు. దాన్ని కూడా ఒప్పుకోండి.

3. కాలం కదులుతున్నట్టు కనబడాలి

కాలపరిమితి లేకపోతే ఆటగాళ్లు ప్రతి గది తర్వాతా విశ్రాంతి తీసుకుంటారు, ఉత్కంఠ పోతుంది. అలాగని గడువు మీ బుర్రలోనే ఉండి చివర్లో "కట్ట తెగిపోయింది" అంటే అది అన్యాయం. మెట్లు మెట్లుగా చూపించండి:

- ఉదయం: కట్ట వెనక వాలు మీద తేటనీటి ఊట
- మధ్యాహ్నం: ఆ ఊట బురదగా మారుతుంది
- సాయంత్రం: కట్ట మీద జానెడు పగులు
- చీకటిపడ్డాక: కట్ట ఒక చోట కుంగుతుంది, పశువులు కట్టు తెంపుకుంటాయి
- అర్ధరాత్రి: కట్ట తెగి దిగువ వాడ మునుగుతుంది

నిజమైన మట్టి కట్టల విషయంలోనూ ఇంతే. ఊట నీరు తేటగా ఉంటే పెద్దగా భయపడనక్కర్లేదు. బురదగా వస్తోందంటే లోపలి మట్టి కొట్టుకుపోతోందని అర్థం. ఈ మాట మొదటి సన్నివేశంలోనే ఒక ముసలి రైతు నోట చెప్పించండి. "తేటగా ఉన్నంతసేపు భయం లేదు బిడ్డా, ఎర్రగా వచ్చిననాడు చూసుకోవాలె." మధ్యాహ్నం మీరు "ఊట నీళ్లు ఎర్రగా వస్తున్నాయి" అని మామూలుగా అనండి చాలు, అర్థం వాళ్లే చెప్పుకుంటారు.

షార్ట్ రెస్ట్‌కు గంట పడుతుంది, లాంగ్ రెస్ట్‌కు ఎనిమిది గంటలు. విశ్రాంతి అనగానే "గంట గడుస్తుంది, ఈలోపు కట్ట పరిస్థితి మారొచ్చు, సరేనా?" అని అడిగి నిర్ణయం వాళ్లకే వదలండి.

4. ప్రతి రహస్యానికి మూడు ఆధారాలు

అనుభవమున్న గేమ్ మాస్టర్లు (ఆట నడిపించేవాళ్లు) ఎక్కువమంది పాటించే నియమం ఇది. ఆటగాళ్లు తెలుసుకుని తీరాల్సిన ప్రతి విషయానికీ మూడు వేర్వేరు చోట్ల మూడు ఆధారాలు పెట్టాలి. ఒకటి కనబడదు, ఒకటి తప్పుగా అర్థమవుతుంది, మూడోది పనిచేస్తుంది.

'భూమయ్య కట్టను తవ్విస్తున్నాడు' అన్నదానికి:

- భూమయ్య పెరట్లో, చెరువు దగ్గర తప్ప ఎక్కడా లేని ఎర్రమట్టి అంటుకున్న గడ్డపారలు
- మందలో రోజుకో గొర్రె తగ్గుతోందని గొర్లకాపరి గోడు
- కట్ట దగ్గర రెండు జానల పొడవున్న పాదముద్రలు, వాటి పక్కనే చెప్పులేసుకున్న మనిషి అడుగులు

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు, కీలకమైన ఆధారాన్ని డైస్ వెనక దాచడం. ఇన్వెస్టిగేషన్ చెక్‌లో (ఆధారం దొరికిందో లేదో డైస్ వేసి తేల్చడంలో) నలుగురూ ఫెయిలైతే కథ అక్కడే ఆగిపోతుంది. గడ్డపారలు చూసినవాళ్లకు ఎర్రమట్టి కనబడాల్సిందే. చెక్‌లో నెగ్గినవాళ్లకు అదనంగా ఇంకోటి ఇవ్వండి: మట్టి ఇంకా తడిగానే ఉంది, అంటే నిన్న రాత్రి కూడా తవ్వారు.

5. చెక్‌ల లెక్క వేసి చూసుకోండి

కష్టం స్థాయిని డీసీ అంటాం. సులువుకు 10, మధ్యస్థానికి 15, కష్టానికి 20. పేరు మధ్యస్థమే గానీ, లెవెల్ 2లో డీసీ 15 అంత మధ్యస్థమేమీ కాదు. నైపుణ్యం ఉండి +5 కలిసే క్యారెక్టర్‌కు డీ20 (ఇరవై ముఖాల డైస్) మీద 10 లేదా పైన పడాలి, అంటే 55 శాతం అవకాశం. +2 మాత్రమే ఉన్నవాళ్లకు 40 శాతం.

ఇక్కడి నుంచే రెండు పెద్ద చిక్కులు వస్తాయి.

మొదటిది, 'అందరూ నెగ్గాలి' అనే చెక్. నలుగురూ చప్పుడు లేకుండా ఓగర్ పక్కనుంచి దాటాలి, ఒక్కొక్కరికీ 55 శాతం అవకాశం ఉందనుకోండి. నలుగురూ నెగ్గే అవకాశం దాదాపు 9 శాతమే. మీరు "ప్రయత్నించండి" అన్నారు, డైస్ దాదాపుగా "కుదరదు" అంది. దీనికి రూల్స్‌లోనే గ్రూప్ చెక్ ఉంది: సగంమంది నెగ్గితే అందరూ నెగ్గినట్టే. అదే నలుగురికి ఇప్పుడు అవకాశం దాదాపు 76 శాతం.

రెండోది దీనికి తిరగేసింది, 'ఎవరో ఒకరు నెగ్గితే చాలు' అనే చెక్. 40 శాతం అవకాశమున్న ముగ్గురు వరసపెట్టి వేస్తే ఎవరో ఒకరు నెగ్గే అవకాశం 78 శాతానికి పైనే. తాళం తీయడం రోగ్ (దొంగ విద్యలు తెలిసిన క్యారెక్టర్) ప్రత్యేకత అయినప్పుడు, అతను ఫెయిలవగానే ముగ్గురూ "నేనూ వేస్తా" అంటే రోగ్‌గా ఆడుతున్న మనిషి చిన్నబోతాడు. "ఒకరు వేయండి, పక్కన ఒకరు సాయం చేయొచ్చు" అని మొదటే చెప్పండి. సాయానికి అడ్వాంటేజ్ ఇవ్వండి, అంటే రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవడం.

డైస్ వేయించే ముందు ఈ మూడూ చూసుకోండి:

☐ నెగ్గితే ఏమవుతుంది, ఓడితే ఏమవుతుంది? రెండూ ఆసక్తికరంగా ఉన్నాయా?
☐ ఓడితే కథ ఆగిపోతుందా? ఆగేట్టయితే చెక్ తీసేయండి, లేదా 'పని అవుతుంది కానీ నష్టం కూడా' అని మార్చండి.
☐ ఓడితే ఏం నష్టమో వేసేవాళ్లకు తెలుసా?

6. పోరాటాలు: కాగితం మీది లెక్క, టేబుల్ మీది లెక్క

నలుగురు లెవెల్ 2 క్యారెక్టర్లకు కలిపి ఎక్స్‌పీ (మాన్‌స్టర్‌ను ఓడిస్తే వచ్చే అనుభవ పాయింట్లు) హద్దులు ఇవి: సులువు 200, మధ్యస్థం 400, కష్టం 600, ప్రాణాంతకం 800. మాన్‌స్టర్ల ఎక్స్‌పీ కూడి, సంఖ్యను బట్టి హెచ్చవేయాలి. ఒక్కటైతే అలాగే, రెండైతే 1.5తో, మూడు నుంచి ఆరు దాకా 2తో.

అస్థిపంజరం 50 ఎక్స్‌పీ. నాలుగు పెడితే 200, రెండుతో హెచ్చవేస్తే 400. సరిగ్గా మధ్యస్థం. సమాధి గదికి ఇది సరిపోతుంది.

ఓగర్ ఒక్కడే 450, అంటే మధ్యస్థమే. పక్కన రెండు అస్థిపంజరాలు నిలబెట్టి చూడండి. 550ని రెండుతో హెచ్చవేస్తే 1100. ప్రాణాంతకం హద్దు దాటిపోయింది. "రెండు చిన్నవేగా" అని చివరి నిమిషంలో చేర్చేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి.

ఇక్కడితో ఆగకండి. ఓగర్ దెబ్బ రెండు డీ8 ప్లస్ 4 (ఎనిమిది ముఖాల డైస్ రెండు వేసి 4 కలపడం), సగటున 13. లెవెల్ 2లో 14 హిట్ పాయింట్లున్న (ఎంత దెబ్బ తట్టుకోగలరో చెప్పే అంకె) విజర్డ్, అంటే మాంత్రికుడు, సగటు దెబ్బకు 1తో నిలబడతాడు. గరిష్ఠంగా 20 తగిలినా కింద పడతాడు గానీ, స్నేహితులు లేపొచ్చు. అదే ఓగర్‌ను లెవెల్ 1 వాళ్ల మీదికి పంపితే కథ వేరు. 8 హిట్ పాయింట్ల విజర్డ్‌కు ఒకే దెబ్బలో రెట్టింపు, అంటే 16 తగిలితే డెత్ సేవ్స్ (పడిపోయినవాళ్లు బతుకుతారో లేదో తేల్చే డైస్) కూడా లేకుండా అక్కడికక్కడే మరణం. తగిలిన ప్రతి దెబ్బకూ ఆ అవకాశం 23 శాతం. కాబట్టి ఎక్స్‌పీ లెక్క అయ్యాక ఇది కూడా చూడండి: మాన్‌స్టర్ కొట్టే అతిపెద్ద మామూలు దెబ్బ, మీ టేబుల్ మీద అందరికన్నా బలహీనమైన క్యారెక్టర్‌ను ఏం చేస్తుంది?

రెండో వైపు కూడా చూడాలి. ఓగర్‌కు 59 హిట్ పాయింట్లు, ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే డైస్ మొత్తం చేరాల్సిన అంకె) 11. నలుగురు +5తో కొడితే నాలుగింట మూడు దెబ్బలు తగులుతాయి. దెబ్బకు 8 చొప్పున రౌండ్‌కు 24. మూడో రౌండ్‌లో ఓగర్ పని అయిపోతుంది. ఒంటరి బాస్ చప్పగా అనిపించడానికి కారణం ఇదే, అవతల నాలుగు వంతులు, ఇవతల ఒక్కటి. దీనికి విరుగుడుగా హిట్ పాయింట్లు రెట్టింపు చేస్తే పోరాటం సాగుతుంది తప్ప రక్తి కట్టదు. పోరాటంలోనే ఇంకో పని పెట్టండి. తూము గదిలోకి నీరు ఎక్కుతోంది: మొదటి రౌండ్‌లో మోకాళ్ల దాకా, మూడో రౌండ్‌కు నడుము దాకా, ఐదో రౌండ్‌కు ఎల్లయ్య మునిగిపోతాడు. అతని కాలు బండ కింద ఉంది. ఎవరు కొట్టాలి, ఎవరు బండ ఎత్తాలి? ఇప్పుడు ప్రతి వంతుకూ విలువ వచ్చింది.

మాన్‌స్టర్‌కు కూడా ప్రాణం మీద తీపి ఉంటుంది. ఓగర్ 30 హిట్ పాయింట్ల కిందికి దిగగానే పారిపోవాలనో, బేరం ఆడాలనో చూస్తాడు. అతనికి కావాల్సింది గొర్రెలు, భూమయ్య మీద ప్రేమేం లేదు. కొట్లాటకు ముందే ఎవరైనా రెండు గొర్రెలు ఇస్తామంటే ఒప్పుకోనివ్వండి. "నేను కష్టపడి తయారుచేసిన పోరాటం పోయిందే" అని బాధపడొద్దు. వాళ్లు తెలివిగా ఆడారు, ఎక్స్‌పీ పూర్తిగా ఇవ్వండి.

7. ఉచ్చులకు ముందస్తు గుర్తు

ఏ గుర్తూ లేకుండా తలుపు తీయగానే పేలే ఉచ్చు ఆట కాదు, జరిమానా. ఆ తర్వాత ఆటగాళ్లు ప్రతి గడపనూ పది నిమిషాలు తడుముతూ కూర్చుంటారు, సెషన్ అంతా దానికే పోతుంది.

ఈ లెవెల్‌లో ప్రమాదకరమైన ఉచ్చుకు రెండు డీ10 దెబ్బ, సేవ్ (ఉచ్చు తప్పించుకోవడానికి వేసే డైస్) డీసీ 12 నుంచి 15 దాకా పెట్టొచ్చు. సగటున 11. మన విజర్డ్‌కు 3 మిగులుతాయి, అంటే చిన్నదేం కాదు. మన సాహసంలో తలుపు తెరిస్తే నీరు ఉప్పెనలా కొడుతుంది. గుర్తులు: తలుపు సందుల్లోంచి చిమ్ముతున్న సన్నటి ధార, చెవి ఆనిస్తే లోపల గుడగుడ చప్పుడు, గుమ్మం ముందు విరిగి చెల్లాచెదురుగా పడిన ఎముకలు. మొదటి గుర్తు అడగకుండానే చెప్పండి. మిగతావి దగ్గరికెళ్లి చూసినవాళ్లకు.

8. నాలుగు గంటల్లో ఎలా సర్దాలి

- మొదటి 20 నిమిషాలు: పరిచయాలు, సమస్య. ఆట కట్ట మీద మొదలవ్వాలి, ప్రయాణం వద్దు.
- గంట: ఊళ్లో ఆరా
- 45 నిమిషాలు: తవ్వకం దగ్గర ఓగర్
- 15 నిమిషాలు: టీ, మిర్చి బజ్జీ. డైస్‌కు నూనె అంటకుండా చూసుకోండి.
- గంట: సమాధి, తూము గది
- మిగిలింది: ముగింపు, ఆలస్యాలు

మనవాళ్లు అరగంట ఆలస్యంగా వస్తారు కాబట్టి కోసేయడానికి ఒక సన్నివేశాన్ని ముందే గుర్తుపెట్టుకోండి. ఇక్కడైతే సమాధి గదిలో నాలుగు అస్థిపంజరాలు. టైమ్ లేకపోతే అవి విరిగిన ఎముకల కుప్పగా కనబడతాయి, ఓగర్ ముందే నలగ్గొట్టాడన్నమాట.

టైమ్ ఉంటే ఒక అస్థిపంజరాన్ని మాత్రం అలా నలిగిపోయి పడి ఉన్నట్టు చూపించండి. దుడ్డుకర్ర, సుత్తి లాంటి మొద్దు ఆయుధాలతో కొడితే అస్థిపంజరాలకు రెట్టింపు దెబ్బ. దాన్ని చూసి ఎవరైనా కత్తి పక్కన పెట్టి దుడ్డుకర్ర అందుకుంటే మీ గుర్తు పనిచేసినట్టే.

బహుమతి గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. రెండు హీలింగ్ పోషన్లు సగం దారిలో దొరకాలి, ఆఖర్లో ఇస్తే వాడుకునే అవకాశం ఉండదు. ఒక్కోటి రెండు డీ4 ప్లస్ 2, సగటున 7 హిట్ పాయింట్లు తిరిగిస్తుంది.

9. టేబుల్ దగ్గర పాటించాల్సినవి

డైస్ అందరి ముందే వేయండి. తెర వెనక వేసి ఫలితం మార్చే గేమ్ మాస్టర్లు చాలామందే ఉన్నారు, మంచి ఉద్దేశంతోనే చేస్తారు. కానీ ఒక్కసారి ఆ అనుమానం వచ్చిందంటే, గెలిచినప్పుడు కూడా ఆటగాళ్లకు గెలిచినట్టు అనిపించదు. మార్చాలనుకుంటే డైస్ వేయకముందే పరిస్థితిని మార్చండి.

మాట్లాడనివాళ్లను పేరు పెట్టి పిలవండి, కానీ తేలికైన ప్రశ్నతో: "ఈ సమయంలో నీ క్యారెక్టర్ ఎటు చూస్తోంది?" సిగ్గరి ఆటగాడికి "నువ్వేం చేస్తావ్?" కన్నా దీనికి జవాబివ్వడం సులువు.

ఆటగాళ్లు చేయబోయేది ఆత్మహత్యతో సమానమని మీకు అనిపిస్తే, వాళ్లకు కనబడేది మళ్లీ ఒకసారి చెప్పండి. "నీరు నడుము దాకా ఉంది, తలుపు అవతల ఇంకా ఎత్తులో ఉంది. అయినా తెరుస్తావా?" తెరుస్తానంటే తెరవనివ్వండి.

10. తరచూ జరిగే తప్పులు, సవరణలు

ఆటగాళ్లు ఎటూ కదలకుండా చర్చిస్తూనే ఉన్నారు: కాలాన్ని ఒక మెట్టు ముందుకు జరిపి, కొత్త మార్పు ఒకటి వాళ్ల కళ్ల ముందే చూపించండి.

ఊరి పెద్దను మొదటి సన్నివేశంలోనే అనుమానించారు: మంచిదే. అబద్ధాలతో దాచకండి. సమస్య 'ఎవరు' నుంచి 'ఎలా ఆపాలి'కి మారుతుంది, కట్ట ఇంకా ప్రమాదంలోనే ఉంది.

పోరాటం అనుకున్నదానికన్నా కష్టంగా మారింది: శత్రువుల లక్ష్యం గుర్తుచేసుకోండి. అస్థిపంజరాలకు కావాల్సింది కత్తి. పడిపోయినవాళ్లను వదిలేసి కత్తి ఉన్నవాళ్ల వెంట పడతాయి.

ఒకరే అన్నీ నడిపిస్తున్నారు: ఒకేసారి రెండు చోట్ల పని పెట్టండి. భూమయ్య కత్తితో బండి కట్టుకుని వెళ్లిపోతున్నాడు, ఇటు కట్ట కుంగుతోంది.

ముందు రోజు రాత్రి ఒక్కసారి చూసుకోండి:

☐ పరిస్థితి ఒక పేజీలోపే ఉందా?
☐ మూడు దారులు, రహస్యానికి మూడు ఆధారాలు ఉన్నాయా?
☐ ప్రతి ప్రమాదానికీ కనబడే గుర్తు రాశానా?
☐ అందరూ నెగ్గాల్సిన చెక్‌లు గ్రూప్ చెక్‌లుగా మారాయా?
☐ అతిపెద్ద దెబ్బను బలహీనమైన క్యారెక్టర్‌తో పోల్చానా?
☐ ప్రతి ఆటగాడికీ వాళ్ల ప్రత్యేకత పనికొచ్చే చోటు ఒక్కటైనా ఉందా?
☐ కోసేయాల్సిన సన్నివేశం గుర్తుపెట్టానా?

ఆట అయ్యాక "ఎలా ఉంది?" అని అడిగితే అందరూ "సూపర్" అనే అంటారు. అందుకని మర్నాడు విడివిడిగా రెండే అడగండి: ఎక్కడ బోర్ కొట్టింది, ఏ నిర్ణయం తీసుకునేటప్పుడు నీకు తగినంత సమాచారం లేదనిపించింది? రెండోదానికి ఇద్దరు ఒకే చోటు చెప్తే, వచ్చే సాహసానికి ముందు ఆ చోట ఏ గుర్తు లోపించిందో రాసుకోండి.